ఆర్థర్ అలెగ్జాండర్ 1972 ఆల్బమ్ పునర్విడుదల: విన్నవారి అభిప్రాయం కావాలి

ప్రశ్న: విశాఖ శ్రోత

మిత్రులందరికీ నమస్కారం.

కొంతకాలంగా అమెరికా దక్షిణ రాష్ట్రాల సోల్ సంగీతాన్ని, అంటే చర్చి పాటల నుంచి పెరిగిన నల్లజాతి గాన పద్ధతిని, శ్రద్ధగా వింటున్నాను. ఓటిస్ రెడింగ్, పెర్సీ స్లెడ్జ్, కాండీ స్టేటన్‌ల రికార్డుల మీదుగా ఈమధ్యే గాయకుడు, పాటల రచయిత ఆర్థర్ అలెగ్జాండర్ దగ్గరికి చేరాను. బీటిల్స్ తొలి ఆల్బమ్‌లోని ‘అన్నా’, రోలింగ్ స్టోన్స్ 1964లో విడుదల చేసిన ‘యూ బెటర్ మూవ్ ఆన్’, బాబ్ డిలన్ 1988లో పాడిన ‘శాలీ స్యూ బ్రౌన్’ మూడూ ఈయన పాటలేనని తెలిసినప్పుడు, ఇంతమంది పెద్దవాళ్లు ఎవరి దగ్గరికి వెళ్లి పాట తెచ్చుకున్నారో ఆ మనిషి పేరు మాత్రం ఇన్నేళ్లుగా నా చెవిన ఎందుకు పడలేదా అన్న ప్రశ్న బలంగా పట్టుకుంది.

వార్నర్ బ్రదర్స్ సంస్థ 1972లో ఆయన పేరుతోనే తెచ్చిన ఆల్బమ్‌ను ఆమ్నివోర్ రికార్డింగ్స్ వారు 2017లో అదనపు పాటలతో పునర్విడుదల చేశారు. దాన్ని కొనాలా, లేక ఆయన చివరి రోజుల్లో చేసిన 1993 నాటి ‘లోన్లీ జస్ట్ లైక్ మి’తో మొదలుపెట్టాలా అన్నది నా మొదటి సందేహం. రెండోది కాస్త పెద్దది. దీన్ని ‘కంట్రీ సోల్’ అంటున్నారు. అమెరికా తెల్లవారి పల్లెపాటల నుంచి పెరిగిందనే కంట్రీ సంగీతంతో నాకు పెద్దగా పరిచయం లేదు. నల్లజాతి గాయకుడు పాడిన కంట్రీ పాట సోల్ అవుతుందా, సోల్ గాయకుడు గిటార్ పట్టుకుంటే కంట్రీ అవుతుందా, లేక ఇందులో నేను పట్టుకోలేకపోతున్న ప్రత్యేక లక్షణం ఏదైనా ఉందా? పైగా ఇందులో ‘బర్నింగ్ లవ్’ కూడా ఉంది. ఎల్విస్ ప్రెస్లీకి అంత పేరు తెచ్చిన పాట అంతకుముందే ఇక్కడ ఉండగా ఈ ఆల్బమ్ ఎవరికీ పట్టకుండా పోవడానికి కారణమేమిటో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: తూర్పుగాలి

విశాఖ శ్రోత గారూ, మీ రెండో సందేహంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలితే మొదటిది దానంతటదే తేలుతుంది.

కంట్రీ సోల్ అన్నది గాయకుడి రంగును బట్టి పెట్టిన పేరు కాదు. పాటలోని కథనం కంట్రీ నుంచి, గొంతులోని వేదన చర్చి పాటల నుంచి వచ్చి ఒకే చోట కలిసినప్పుడు పుట్టేది అది. కంట్రీ పాటకు ఒక కథ కావాలి. ఆ కథలో ఒక మనిషి, అతనికో కష్టం, ఆ కష్టంలో అతను తీసుకునే నిర్ణయం ఉండాలి. మాటలు సూటిగా ఉండాలి, శ్రోతకు ఒక్క అక్షరం కూడా తప్పిపోకూడదు. సోల్ గాయకుడు సాధారణంగా పల్లవి చివరికి వచ్చేసరికి మాటను వదిలి గొంతుతో ఎగసిపోతాడు. అలెగ్జాండర్ ఆ పని చేయడు. ఆయన మాటను వదలడు, అరవడు, పాట ఎంత బరువెక్కినా గొంతు పెంచడు. పంక్తి చివర స్వరాన్ని కొంచెం కిందికి జారవిడిచి ఊరుకుంటాడు, ఆ జారుడులోనే అంతా ఉంటుంది.

ఆయన రాసిన పాటల్లో ఉన్న మనిషిని గమనించండి. ‘అన్నా’లో ప్రేయసి మరొకరిని కోరుకుంటోందని తెలిసి, ఆమెను స్వేచ్ఛగా వెళ్లమంటాడు. ‘గో హోమ్ గర్ల్’లో తన దగ్గరికి వచ్చిన అమ్మాయి తన స్నేహితుడి మనిషి కాబట్టి, ఆమె మీద ఇష్టం ఉండి కూడా ఇంటికి వెళ్లిపొమ్మంటాడు. ‘యూ బెటర్ మూవ్ ఆన్’లో తనకంటే డబ్బున్న పోటీదారుతో, బెదిరింపు లేకుండా, దాదాపు మర్యాదగానే, ఇక్కడినుంచి కదలమని చెబుతాడు. మూడింటిలోనూ కోరిక ఒకవైపు, చేయవలసిన పని మరోవైపు నిలబడి ఉంటాయి. ఈ నైతిక సంఘర్షణ కంట్రీ పాటకు ప్రాణం. దాన్ని అలెగ్జాండర్ ఎక్కడి నుంచో అరువు తెచ్చుకోలేదు. అలబామా రాష్ట్రంలో టెనెసీ నది ఒడ్డున, ఫ్లోరెన్స్, షెఫీల్డ్ ఊళ్ల మధ్య 1940లో పుట్టి పెరిగిన పిల్లవాడికి రేడియోలో వినిపించిన సంగీతంలో కంట్రీ పాటలదే పెద్ద వాటా.

ఆ ఊళ్ల పక్కనే ఉండి, స్టూడియోలకు పేరుపడ్డ మజిల్ షోల్స్ సంగీత చరిత్ర మొదలైందే ఈయనతో అన్న విషయం కూడా చెప్పాలి. హోటల్లో అతిథుల సామాన్లు మోసే పని చేస్తున్న అలెగ్జాండర్‌తో నిర్మాత రిక్ హాల్ 1961లో ఒక పాత పొగాకు గోదాములో ‘యూ బెటర్ మూవ్ ఆన్’ రికార్డు చేశారు. డాట్ రికార్డ్స్ విడుదల చేసిన ఆ పాట 1962లో బిల్‌బోర్డ్ పత్రిక పాప్ జాబితాలో 24వ స్థానానికి చేరింది. దాని రాబడి ఆసరాతోనే అవలాన్ అవెన్యూలో హాల్ తన ఫేమ్ స్టూడియో కట్టుకున్నారు. విల్సన్ పికెట్, ఎటా జేమ్స్, అరెథా ఫ్రాంక్లిన్ తర్వాతి కాలంలో పాడినది అక్కడే. ఆ పాటకు వాయించిన డేవిడ్ బ్రిగ్స్, నార్బర్ట్ పట్నమ్, జెర్రీ కారిగన్ అందరూ తెల్ల కుర్రాళ్లే. జాతి విభజన చట్టబద్ధంగా అమలులో ఉన్న అలబామాలో వాళ్లు ఒకే గదిలో కూర్చుని పాట కట్టడం వల్లనే ఆ పాటకు ఆ స్వభావం వచ్చిందని నేను నమ్ముతాను. తర్వాత ఎవరో పేరు పెట్టారు గాని, కంట్రీ సోల్ అన్నది ఆ గదిలోనే ఉంది.

ఒక పరీక్ష చేసి చూడండి. ‘అన్నా’ను ముందు బీటిల్స్ రికార్డులో, వెంటనే అలెగ్జాండర్ గొంతులో వినండి. అసలు రికార్డులో పియానో పలికే చిన్న పదబంధాన్ని జార్జ్ హారిసన్ గిటార్‌పై యథాతథంగా వాయించారు, రింగో స్టార్ కూడా డ్రమ్స్ నడకను దాదాపు మార్చలేదు. మారింది గొంతు ఒక్కటే. బీటిల్స్ తరఫున జాన్ లెనన్ ఆ మాటలను బతిమాలుతూ పాడారు, అలెగ్జాండర్ నిర్ణయం తీసేసుకున్న మనిషిగా పాడారు. లెనన్ పాడినది నాకు చాలా ఇష్టం. అయినా ఆ పాటలోని త్యాగం అసలు రికార్డులోనే తెలుస్తుంది.

ఈ చెవితో 1972 ఆల్బమ్ వినడం మొదలుపెడితే, మీకు సోల్ ఎక్కడ ఆగి కంట్రీ ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్నే రాదు.

జవాబు: మంద్రస్థాయి

తూర్పుగాలి గారు పాటల గురించి చెప్పినదంతా ఒప్పుకుంటాను. ఆ ఆల్బమ్ ఎందుకు మరుగున పడిందన్నదానికి నేను సమాధానం చెప్పే ప్రయత్నం చేస్తాను.

ఇలాంటి పునర్విడుదలలతోపాటు ఎప్పుడూ ఒక కథ ప్రచారంలోకి వస్తుంది: గొప్ప కళాకారుడు, గుర్తించలేని లోకం, దశాబ్దాల తర్వాత న్యాయం. అలెగ్జాండర్ విషయంలో ఈ కథ సగమే నిజం. ఆయన పాటలు ఏనాడూ మరుగున పడలేదు. ‘గో హోమ్ గర్ల్’ను రై కూడర్ 1979లో పాడారు. ‘ఎవ్రీ డే ఐ హావ్ టు క్రై’ 1963లోనే స్టీవ్ అలైమో గొంతులో జనాదరణ పొందింది. మరుగున పడింది ఆయన గొంతు. పాట బతికి గాయకుడు కనుమరుగు కావడం ఎలా సాధ్యమైందో చూస్తే, 1972 ఆల్బమ్‌కు ఏమైందో అర్థమవుతుంది.

అప్పట్లో అమెరికాలో రికార్డులు అమ్ముడుపోవడానికి రేడియోయే దారి, రేడియోలో ప్రతి కేంద్రానికీ ఒక వర్గం ఉండేది. బిల్‌బోర్డ్ పత్రిక కూడా కంట్రీకి ఒక జాబితా, సోల్‌కు మరో జాబితా వేరువేరుగా ప్రచురించేది. పేరుకు ఇవి సంగీత విభాగాలైనా, ఆచరణలో శ్రోతల జాతిని బట్టి గీసిన గీతలే. నల్లజాతి గాయకుడి కంట్రీ స్వభావపు పాటను కంట్రీ కేంద్రం పక్కన పెట్టేది, సోల్ కేంద్రానికి అది మరీ నెమ్మదిగా, పల్లెటూరిగా అనిపించేది. 1971, 1972 నాటికి సోల్ సంగీతం కూడా బాగా మారిపోయింది. మార్విన్ గే, కర్టిస్ మేఫీల్డ్, ఐజక్ హేస్ పాటల నిడివి పెంచి, వాద్య సమ్మేళనాన్ని విస్తరించి, నగర జీవితాన్ని, రాజకీయాన్ని పాటలోకి తెచ్చారు. అలాంటి సమయంలో మూడు నిమిషాల్లో ఒక కథ చెప్పి ముగించే ఈ మనిషి పాతకాలపువాడిగా కనిపించి ఉంటాడు.

దీనికి మినహాయింపులు లేకపోలేదు. రే చార్ల్స్ 1962లో కంట్రీ పాటలతో చేసిన ఆల్బమ్ అఖండ విజయం సాధించింది, అయితే అప్పటికే ఆయన పెద్ద తార. చార్లీ ప్రైడ్ 1969లో కంట్రీ జాబితాలో మొదటి స్థానానికి చేరారు, ఆయన పూర్తిగా కంట్రీ బాణీకే కట్టుబడి పాడారు. జో సైమన్ పాడిన ‘ది చోకిన్ కైండ్’ను రాసింది కంట్రీ సంగీత కేంద్రమైన నాష్‌విల్‌కు చెందిన రచయిత హార్లన్ హవర్డ్, కానీ అది 1969లో విజయం సాధించింది సోల్ పాటగానే. అంటే గీతకు ఇటో అటో నిలబడితే అవకాశం ఉండేది, గీత మీద నిలబడితే ఉండేది కాదు. లిండా మార్టెల్ సంగతీ ఇదే. ఆమె 1969లో కంట్రీ సంగీతానికి పేరుపడ్డ గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదికపై పాడిన తొలి నల్లజాతి గాయని, 1970లో మంచి ఆల్బమ్ చేశారు, ఆ తర్వాత ఆ రంగంలో ఆమెకు చోటు లేకుండా పోయింది. బియాన్సే 2024లో తన ‘కౌబాయ్ కార్టర్’ ఆల్బమ్‌లో ఆమె గొంతు వినిపించేదాకా చాలామందికి ఆమె పేరే తెలియదు.

ఇక ‘బర్నింగ్ లవ్’ విషయం. దీన్ని రాసింది అలెగ్జాండర్ కాదు, డెనిస్ లిండ్. అలెగ్జాండర్ దాన్ని రికార్డు చేసిన తర్వాత, 1972 మార్చి చివరలో ఎల్విస్ హాలీవుడ్‌లో రికార్డు చేశారు. అది అమెరికా పాప్ జాబితాలో రెండో స్థానం దాకా వెళ్లింది. రెండూ పక్కపక్కన వింటే తేడా స్పష్టంగా ఉంటుంది: ఎల్విస్ రికార్డులో గిటార్ ఎత్తుగడ నుంచే వేగం, ఉత్సాహం, గెలుపు ఉన్నాయి, అలెగ్జాండర్ పాడినది నిదానమైన వేడి. నిజం చెప్పాలంటే, ఆ పాటకు ఎల్విస్ పద్ధతే ఎక్కువ నప్పిందని నా అభిప్రాయం. అలెగ్జాండర్ గొప్పతనం చూపించడానికి ఆ పాటను ముందు పెట్టడం ఆయనకు మేలు చేయదు. ఈ ఆల్బమ్‌కు గుండెకాయ ‘రెయిన్‌బో రోడ్’.

నా సలహా మాత్రం 1993 ఆల్బమ్‌తో మొదలుపెట్టమని. దాదాపు పదిహేనేళ్లు సంగీతానికి దూరంగా ఉండి, క్లీవ్‌లాండ్‌లో ఒక సేవా సంస్థకు బస్సు నడుపుతూ బతికిన మనిషి మళ్లీ పాడిన రికార్డు అది. బెన్ వాన్ నిర్మాణంలో డాన్ పెన్, స్పూనర్ ఓల్డమ్, డానీ ఫ్రిట్స్, రెజీ యంగ్ వంటి పాత సహచరులు చుట్టూ కూర్చుని వాయించారు. వయసుతో గొంతు మందగించింది, ఆ మందగింపు పాటలకు మరింత మేలు చేసింది. 1972లో పాడిన ‘ఇన్ ద మిడిల్ ఆఫ్ ఇట్ ఆల్’, ‘గో హోమ్ గర్ల్’ అందులో మళ్లీ ఉన్నాయి కాబట్టి, ఒకే మనిషి ఇరవై ఏళ్ల తేడాతో ఒకే పాటను ఎలా పాడాడో మీరే పోల్చి చూసుకోవచ్చు. అది వెలువడిన ఏడాదే, జూన్ 9న, 53 ఏళ్ల వయసులో ఆయన నాష్‌విల్‌లో కన్నుమూశారు.

జవాబు: సూదిమొన

ఇద్దరూ ఇంత వివరంగా రాశాక నేను రికార్డుల సంగతికే పరిమితమవుతాను. అయితే ముందుగా ‘రెయిన్‌బో రోడ్’ గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను.

ఆ పాటను డాన్ పెన్, డానీ ఫ్రిట్స్ ఇద్దరూ అలెగ్జాండర్‌ను మనసులో పెట్టుకునే రాశారు. పేదింటి కుర్రాడొకడు పాటతో పైకి వస్తాడు, పేరూ డబ్బూ చూస్తాడు, ఒక రాత్రి కత్తితో మీదికి వచ్చినవాడి ప్రాణం తీయవలసి వస్తుంది, న్యాయమూర్తి కనికరించడు, ఆ కీర్తి మార్గం జైలు గోడల వెనుక ముగుస్తుంది. కథాగీతంగా ఇది పక్కా కంట్రీ. దీన్ని ఇతరులు కూడా పాడారు, పెర్సీ స్లెడ్జ్ గొంతులో అది విలాపంగా మారింది. అలెగ్జాండర్ మాత్రం దాన్ని ఎవరికో జరిగిన సంగతిని సాక్ష్యం చెబుతున్నట్టు, ఒక్కో వాక్యాన్ని దాని స్థానంలో ఉంచుతూ చెబుతారు. హత్య జరిగే చరణం దగ్గర గొంతు పెంచుతారేమోనని ఎదురుచూస్తాం, ఆయన పెంచరు. వెనుక వాద్యాలు పెరుగుతాయి, గాయకుడు అక్కడే నిలబడతాడు. ఆకాశవాణి లలిత సంగీతంలో మాటకు భంగం రాకుండా పాడే పద్ధతి విని పెరిగిన మన చెవులకు ఈ నిగ్రహం సులభంగానే అందుతుందని నా అనుభవం.

ఇప్పుడు ఏ కూర్పు కొనాలన్న విషయం. 1972 నాటి వార్నర్ రికార్డింగులు 1994లో ‘రెయిన్‌బో రోడ్’ పేరుతో ఒకసారి సీడీగా వచ్చాయి. ఆమ్నివోర్ వారి 2017 కూర్పు ఇప్పుడు తేలిగ్గా దొరికేది, నేను సిఫార్సు చేసేదీ అదే. అందులో అసలు ఆల్బమ్‌లోని పన్నెండు పాటల తర్వాత, అదే కాలంలో అదే సంస్థకు ఆయన రికార్డు చేసిన మరికొన్ని పాటలు చేర్చారు. నా విన్నపం ఒక్కటే: మొదటిసారి వినేటప్పుడు పన్నెండో పాట దగ్గర ఆపేయండి. ఎల్పీ రికార్డును రెండు వైపులుగా ఊహించి, ఒక్కో వైపుకు ఒక ఆరంభం, ఒక ముగింపు ఉండేలా పాటలను పేర్చేవారు. అదనపు పాటలు దాని వెంటనే వచ్చి పడితే ఆ ముగింపు కొట్టుకుపోతుంది. వాటిని మరో రోజు విడిగా వినండి. ఆల్బమ్‌లో చేర్చనంత మాత్రాన అవి తక్కువ రకం పాటలని అనుకోనక్కర్లేదు.

పునర్విడుదల బాగుందా లేదా అని తేల్చడానికి నేను మొదట వినేది గాయకుడి గొంతుకూ తీగవాద్యాలకూ మధ్య ఉన్న దూరాన్ని. పాత రికార్డింగును ఈనాటి శబ్దస్థాయికి పెంచాలన్న ఆత్రంలో మెల్లగా ఉండవలసినదాన్నీ గట్టిగా ఉండవలసినదాన్నీ ఒకే ఎత్తుకు తెస్తే, అలెగ్జాండర్ లాంటి గాయకుడు అందరికంటే ఎక్కువ నష్టపోతాడు. అరిచే గాయకుడి రికార్డు ఆ ఒత్తిడిని తట్టుకుంటుంది. పంక్తి చివర స్వరం జారిపోవడమే సర్వస్వమైన రికార్డు తట్టుకోదు. మంచి ఇయర్‌ఫోన్లతో ‘ఇన్ ద మిడిల్ ఆఫ్ ఇట్ ఆల్’ వింటూ, వయొలిన్లు వచ్చిన తర్వాత కూడా మాట చివరి హల్లు మీకు స్పష్టంగా వినబడుతోందా అని చూడండి. వినబడితే ఆ కూర్పు తయారు చేసినవారు తమ పని తాము చేశారన్నమాట.

రెండోది, సీడీ లోపల ఉండే చిన్న పుస్తకం. 1960లలో, 1970ల తొలినాళ్లలో చాలా రికార్డుల అట్టలపై వాయించినవారి పేర్లే ఉండేవి కావు. ఈ ఆల్బమ్‌ను నిర్మించిన టామీ కాగ్‌బిల్ మెంఫిస్‌లో చిప్స్ మోమన్ నడిపిన అమెరికన్ స్టూడియో వాద్యబృందంలో బేస్ గిటార్ వాద్యకారుడు. డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్ మెంఫిస్ ఆల్బమ్ మొదలుకొని అరెథా ఫ్రాంక్లిన్ పాటల దాకా ఆయన వేలి ముద్ర ఉంది. అయినా సాధారణ శ్రోతకు ఆయన పేరు తెలియదు. శ్రద్ధగా చేసిన పునర్విడుదలలో ఎవరు రాశారు, ఎవరు నిర్మించారు, ఎవరు వాయించారు, ఎప్పుడు, ఎక్కడ అన్నవి ఒకచోటికి చేరుతాయి. స్ట్రీమింగ్‌లో పాట దొరుకుతుంది కానీ ఈ సమాచారమంతా ఇలా ఒకచోట దొరకదు. అందుకే ఇలాంటి ఆల్బమ్‌ను వీలైతే కొనమనే అంటాను. విదేశాల నుంచి తెప్పించుకుంటే తపాలా ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిసి ధర బాగా పెరుగుతుంది కాబట్టి, ముందు స్ట్రీమింగ్‌లో పూర్తిగా విని, ఇది నాకు కావాలి అనిపించాకే సీడీ తెప్పించుకోండి. 1972 నాటి అసలు ఎల్పీ కోసం వెతికి డబ్బు పోయనక్కర్లేదు.

మంద్రస్థాయి గారు చెప్పిన 1993 ఆల్బమ్ విషయంలో, కొంటే హ్యాక్‌టోన్ సంస్థ 2007లో తెచ్చిన కూర్పే కొనండి. అందులో ఆయన రేడియో ఇంటర్వ్యూ, న్యూయార్క్ బాటమ్ లైన్ వేదికపై పాడిన పాటలు, హోటల్ గదిలో గిటార్‌తో పాడి పెట్టుకున్న ముసాయిదాలు కూడా ఉన్నాయి. ఆ ముసాయిదాల్లో వాద్యబృందం లేకుండా ఆయన గొంతును వినవచ్చు, తూర్పుగాలి గారు వర్ణించిన జారుడు అక్కడ ఇంకా స్పష్టంగా దొరుకుతుంది.

విశాఖ శ్రోత

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. సూదిమొన గారు చెప్పినట్టే రాత్రి స్ట్రీమింగ్‌లో పన్నెండు పాటలూ వరుసగా విని అక్కడ ఆపేశాను. ‘రెయిన్‌బో రోడ్’ గురించి మీరు చెప్పిన తర్వాత కూడా ఆ హత్య చరణం దగ్గర నేను గొంతు పెరుగుతుందనే ఎదురుచూశాను. పెరగలేదు. పాటను ఆపి మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవలసి వచ్చింది.

మరో సందేహం. ఇంతమంది ప్రసిద్ధులు పాడిన పాటలు రాసిన వ్యక్తి బస్సు నడుపుకుని బతకవలసిన అవసరం ఎందుకొచ్చింది? రచయితగా ఆయనకు రాబడి రావాలి కదా? ఇప్పుడు మనం ఈ పునర్విడుదలను కొంటే అది ఎవరికి చేరుతుంది?

జవాబు: మంద్రస్థాయి

దీనికి సమాధానం చెప్పాలంటే పాటలో ఉన్న రెండు వేర్వేరు హక్కులను విడదీసి చూడాలి. పాట రాసినందుకు వచ్చే హక్కు ఒకటి, దాన్ని పాడి రికార్డు చేసినందుకు వచ్చేది మరొకటి. బీటిల్స్ ‘అన్నా’ పాడినప్పుడు రచయితకు, ఆ పాట ప్రచురణ హక్కులున్న సంస్థకు సొమ్ము రావాలి. అలెగ్జాండర్ గాయకుడిగా చేసిన రికార్డుతో దానికి సంబంధం లేదు. అమెరికాలో మామూలు రేడియోలో పాట వేసినప్పుడు కూడా రచయితకు, ప్రచురణకర్తకు చెల్లింపు ఉంటుంది, పాడినవారికి ఉండదు. ఇతర దేశాలు చాలావరకు గాయకుడికీ చెల్లిస్తుండగా అమెరికా ఈ విషయంలో ఇప్పటికీ అలాగే ఉంది. కాబట్టి అలెగ్జాండర్ పాడి, ఇతరులు రాసిన ‘రెయిన్‌బో రోడ్’ వంటి పాటలు రేడియోలో ఎన్నిసార్లు వచ్చినా ఆయనకు దక్కేది ఏమీ ఉండదు.

తాను స్వయంగా రాసిన పాటల విషయంలో కూడా రావలసినంత తనకు అందలేదని ఆయన బాధపడ్డారు. 1960ల తొలినాళ్లలో దక్షిణాది యువ రచయితలు, ముఖ్యంగా నల్లజాతివారు, సంతకం పెట్టిన ఒప్పందాల్లో ప్రచురణ హక్కులు ఇతరుల చేతికి వెళ్లిపోవడం సర్వసాధారణం. చేతిలో పదో పరకో పడితే చాలుననుకున్న పరిస్థితిలో, ఇరవై ఏళ్ల కుర్రాడు రాసిన పాటను లివర్‌పూల్‌లో ఎవరో పాడతారని, అది లక్షల్లో అమ్ముడుపోతుందని ఊహించి ఒప్పందం చదివేవారెవరు? దీనికితోడు ఆయన ఆరోగ్యం మధ్యలో దెబ్బతింది, 1970లలో మరో సంస్థకు చేసిన ‘ఎవ్రీ డే ఐ హావ్ టు క్రై సమ్’ 1975లో 45వ స్థానం దాకా వెళ్లినా అది నిలదొక్కుకోవడానికి సరిపోలేదు.

పునర్విడుదల రాబడి విషయానికొస్తే, రికార్డింగు హక్కులున్న పెద్ద సంస్థ నుంచి చిన్న సంస్థ అనుమతి కొనుక్కుని ముద్రిస్తుంది. ఆ సొమ్ములో కొంత మాతృసంస్థకు, పాటల రచయితల వాటా విడిగా రచయితలకు లేదా వారసులకు వెళుతుంది. మీరు కొనే ఒక్క సీడీతో పెద్ద తేడా రాదన్నది నిజమే. కానీ కొనేవారు ఉన్నారన్న నమ్మకం లేకపోతే టేపులు వెతికి, శుభ్రం చేసి, పేర్లు సరిచూసి ముద్రించే పనికి ఏ చిన్న సంస్థా పూనుకోదు.

జవాబు: తూర్పుగాలి

ఒక విషయం చేర్చి నేను విరమిస్తాను, ఎందుకంటే ఇది విశాఖ శ్రోత గారు తర్వాత ఏం వినాలో చెబుతుంది.

అలెగ్జాండర్ ఆల్బమ్ వచ్చిన మరుసటి ఏడాది, 1973లో, డోబీ గ్రే పాడిన ‘డ్రిఫ్ట్ అవే’ అమెరికా పాప్ జాబితాలో అయిదో స్థానానికి చేరింది. నల్లజాతి గాయకుడు, కంట్రీ మాట, సోల్ గొంతు, అన్నీ అవే. నాష్‌విల్‌లో అది రికార్డయిన క్వాడ్రఫోనిక్ స్టూడియో ఎవరిదనుకున్నారు? పొగాకు గోదాములో ‘యూ బెటర్ మూవ్ ఆన్’కు పియానో, బేస్ వాయించిన డేవిడ్ బ్రిగ్స్, నార్బర్ట్ పట్నమ్‌లది. ఆ పాట ఎత్తుగడలో వినిపించే గిటార్ రెజీ యంగ్‌ది, ఆయనే ఇరవై ఏళ్ల తర్వాత అలెగ్జాండర్ చివరి ఆల్బమ్‌లో వాయించారు. కాబట్టి మంద్రస్థాయి గారు చెప్పిన గీత నిజమే అయినా, అది ఎప్పటికీ దాటరానిది మాత్రం కాదు. ఒక పాటకు సరైన వారం, సరైన రేడియో కేంద్రం దొరికితే దాటింది. వార్నర్ వారి 1972 ఆల్బమ్‌కు ఆ రెండూ దొరకలేదు. అందులోని పాటలకు లోపముండి కాదు.

అందుకే ‘డ్రిఫ్ట్ అవే’ను, దాని వెంటనే 1972 ఆల్బమ్‌లోని ‘డౌన్ ద బ్యాక్ రోడ్స్’ను వినమంటాను. ఆ తర్వాత 1994లో ఆయన పాటలతో వచ్చిన నివాళి ఆల్బమ్ ‘అడియోస్ అమిగో’ వినండి. నిక్ లో, ఎల్విస్ కాస్టెలో, రాబర్ట్ ప్లాంట్ వంటివారు పాడారు. అందరూ ప్రేమగానే పాడారు, వారిలో చాలామంది గొంతు పెంచారు కూడా. అది విన్నాక మళ్లీ ఆమ్నివోర్ కూర్పు పెట్టుకుంటే అలెగ్జాండర్ ఏం చేయకుండా ఊరుకున్నారో మీకు వివరించే అవసరం ఎవరికీ ఉండదు. సీడీ చేతికొచ్చాక, సూదిమొన గారు మరో రోజు విడిగా వినమన్న ఆ అదనపు పాటల గురించి మీకేమనిపించిందో తప్పకుండా ఇక్కడే రాయండి.